కాలా ఘోడాలోని వాట్సన్స్ హోటల్: ఆ ఇనుప భవనం గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

శిల్ప_విద్యార్థిని (ఆదివారం రాత్రి 9:12)

అందరికీ నమస్తే. విజయవాడలో ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. పోయిన నెల కాలేజీ టూర్‌లో ముంబై వెళ్ళాం. వీటీ స్టేషన్, తాజ్ హోటల్, యూనివర్సిటీ అన్నీ చూపించారు. కాలా ఘోడాలో నడుస్తుంటే పక్కన శిథిలంగా ఉన్న ఒక పెద్ద భవనం కనబడింది. మా సార్ "అది ఎస్ప్లనేడ్ మాన్షన్, ఒకప్పటి వాట్సన్స్ హోటల్" అని చెప్పి ముందుకు వెళ్ళిపోయారు. నాకు మాత్రం కాళ్ళు కదల్లేదు. అంత పెద్ద బిల్డింగ్‌కి కింద అంత సన్నటి స్తంభాలా! ఒకదాన్ని చేత్తో తట్టి చూశాను. రాయి కాదు, ఇనుము.

ఇంటికొచ్చి వెతికితే తేదీలే కలవడం లేదు. ఒకచోట 1863 అని, ఒకచోట 1869 అని, ఇంకోచోట 1871 అని ఉంది. ఏది నిజం? "దేశంలోనే మొదటిది" అంటున్నారు, దేనిలో మొదటిది? ఈ సెమిస్టర్ నా వ్యాసానికి దీన్నే తీసుకోవాలని ఉంది.

ఇనుప_దూలం (ఆదివారం రాత్రి 10:05)

మంచి భవనం పట్టుకున్నావమ్మా. ఇరవై రెండేళ్ళుగా హైదరాబాద్‌లో స్ట్రక్చరల్ ఇంజనీర్‌గా పనిచేస్తున్నాను, పాత ఇనుప కట్టడాలంటే నాకు ప్రాణం.

ముందు తేదీలు. 1863 అన్నది వదిలెయ్యి. బొంబాయి కోట గోడలు పడగొట్టించింది గవర్నర్ బార్టిల్ ఫ్రేర్. ఆయన పదవీకాలం 1862 నుంచి 1867. గోడలు పోయాకే అక్కడ ఎస్ప్లనేడ్ మైదానం వైపు స్థలాలు అమ్మకానికి వచ్చాయి. హోటల్ కట్టింది 1867 నుంచి 1871 మధ్య. 1869 అని రాసేవాళ్ళూ ఆ మధ్యలోనే ఉన్నారు కాబట్టి పెద్ద తప్పేమీ కాదు. యజమాని జాన్ వాట్సన్, బొంబాయిలో బట్టల వ్యాపారి.

ఇక అసలు సంగతి. ఊళ్ళో పెళ్ళి పందిరి వేయడం చూశావు కదా. ముందు గుంజలు పాతుతారు, వాటి మీద అడ్డంగా వాసాలు కడతారు, ఆ తర్వాతే చుట్టూ తడికలు. తడిక తీసేసినా పందిరి పడదు, ఎందుకంటే బరువంతా గుంజలదే. వాట్సన్స్ హోటల్ అచ్చంగా అలాంటిదే, అయిదంతస్తుల ఎత్తులో. గుంజలకు బదులు పోత ఇనుప స్తంభాలు, వాసాలకు బదులు ఇనుప దూలాలు, తడికలకు బదులు ఇటుక. ఆ ఇటుక గోడ మధ్య ఖాళీని నింపడానికే, పైనున్న అంతస్తుల బరువు మోయడానికి కాదు.

ఇప్పుడు అదే వరుసలో ఉన్న డేవిడ్ ససూన్ లైబ్రరీని గుర్తు తెచ్చుకో. అది పూర్తయింది 1870లో, అంటే ఇద్దరూ ఒక ఈడువాళ్ళు. అక్కడ బరువు మోసేది పసుపు రంగు మలాడ్ రాయితో కట్టిన మందపాటి గోడ. అలాంటి కట్టడం ఎత్తు పెరిగేకొద్దీ కింద గోడ లావెక్కాలి. ఇనుప చట్రానికి ఆ బాధ లేదు. చికాగోలో విలియం జెన్నీ పది అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగ్ కట్టింది 1885లో. ఆకాశహర్మ్యాల చరిత్ర అందరూ దానితోనే మొదలుపెడతారు. అంతకు పదిహేనేళ్ళ ముందే బొంబాయిలో మనుషులు పడుకునే గదులు ఇనుప చట్రం మీద నిలబడ్డాయి. దీనికంటే ముందు ఇంగ్లండ్‌లో షీర్‌నెస్ ఓడరేవులో 1860 నాటికే నాలుగంతస్తుల ఇనుప చట్రం గోదాం ఉంది కాబట్టి "ప్రపంచంలో మొదటిది" అని రాయకు. మన దేశంలో నిలిచి ఉన్న పోత ఇనుప భవనాల్లో అతి పాతదిగా దీనికి పేరు. అంతవరకు రాస్తే చాలు.

థేమ్స్_తీరం (సోమవారం ఉదయం 4:30)

ఇనుప_దూలం గారు డిజైన్ చేసినాయన పేరు చెప్పలేదు, ఆ పని నేను చేస్తాను. లండన్‌లో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాను, సొంతూరు నెల్లూరు.

ఆయన రోలండ్ మేసన్ ఆర్డిష్. 1824లో డెర్బీషైర్‌లో పుట్టాడు. 1851 నాటి క్రిస్టల్ పాలెస్ పనిలో ఉన్నాడు. ఆ ప్రదర్శనశాల భాగాలన్నీ ఫ్యాక్టరీలో పోతపోసి, మైదానానికి తెచ్చి బిగించినవే. వాట్సన్స్ హోటల్ ఆ పాఠం నుంచే పుట్టింది. స్తంభాలు, దూలాలు డెర్బీలోని ఫీనిక్స్ ఫౌండ్రీలో పోతపోసి, ఓడలో బొంబాయి పంపారు. ఇక్కడ నిలబెట్టి బోల్టులు బిగించారు.

నేను రోజూ రైలెక్కే సెయింట్ పాంక్రస్ స్టేషన్ పైకప్పు ఇంజనీర్ విలియం బార్లో. ఆయనతో కలిసి దాని వివరమైన డిజైన్ చేసింది ఈ ఆర్డిషే. 1868లో పూర్తయింది. మధ్యలో ఒక్క స్తంభం లేకుండా 240 అడుగుల వెడల్పు, 100 అడుగుల ఎత్తు. అంటే దాదాపు అవే సంవత్సరాల్లో ఒకే మనిషి బల్ల మీద లండన్ స్టేషన్ కప్పు, బొంబాయి హోటల్ చట్రం రెండూ ఉన్నాయన్నమాట. మొన్న ఆ కప్పు కింద నిలబడి తల పైకెత్తి చూశాను. ఈ విషయం తెలిశాక అది పరాయి ఊరి స్టేషన్‌లా అనిపించడం మానేసింది.

ఆయనదే ఇంకొకటి, చెల్సీలో ఆల్బర్ట్ బ్రిడ్జి, 1873. గులాబీ, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఉంటుంది. దాని మొదట్లో ఒక పాత బోర్డు ఇప్పటికీ ఉంది, సైనికులు వంతెన మీద కవాతు అడుగు ఆపి మామూలుగా నడవాలని. ఒకే లయలో పడే అడుగులకు వంతెన ఊగేదట. మా అమ్మాయికి ఏడేళ్ళు. ఆ బోర్డు చదివి వినిపిస్తే అవతలి ఒడ్డు దాకా అడుగు కలవకుండా జాగ్రత్తగా నడిచింది.

శిల్ప_విద్యార్థిని (సోమవారం ఉదయం 8:20)

ఆర్డిష్ సంగతి మా పాఠాల్లో ఎక్కడా రాలేదు. థాంక్యూ అన్నయ్యా! ఇనుప_దూలం సార్, ఒక డౌట్. పందిరికి తడికలు లేకపోతే గాలికి ఊగుతుంది కదా. అయిదంతస్తుల చట్రం పక్కకు ఒరగకుండా ఏది ఆపుతుంది?

ఇనుప_దూలం (సోమవారం ఉదయం 9:10)

అడగాల్సిన ప్రశ్న అడిగావు. బరువు కిందికి దించడం సులువు, పక్క నుంచి వచ్చే గాలిని తట్టుకోవడమే కష్టం. పందిరికైతే మూలల్లో ఏటవాలుగా కర్ర కడతారు. ఇలాంటి ఇనుప చట్రాల్లో స్తంభం, దూలం కలిసేచోట కీలు వదులుగా లేకుండా బిగువుగా చేస్తారు. ఆ మూల తలుపు చట్రం మూలలా గట్టిగా ఉంటే మొత్తం ఒరగదు. మధ్యలో నింపిన ఇటుక కూడా కొంత సాయం పడుతుంది. గుర్తుంచుకో, తర్వాతి కాలంలో ఎవరైనా ఇష్టమొచ్చినట్టు గోడలు కొట్టేసినా, కొత్తగా అంతస్తు వేసినా ఈ లెక్క తప్పుతుంది.

ముంబై_తెలుగు (సోమవారం రాత్రి 11:48)

ఈ చర్చ చూసి నిద్ర పట్టలేదు. నేను పుట్టింది కామాఠీపురాలో. మా పెద్దలు కరీంనగర్ వైపు నుంచి తాపీ పనికి వచ్చారు. ఆ పేట పేరే మనవాళ్ళ మీద వచ్చింది, నిజాం రాజ్యం నుంచి కట్టుబడి పనులకు వచ్చిన తెలుగువాళ్ళను ఇక్కడ కామాఠీలు అనేవారు. ఈ ఊరి కట్టడాల్లో మన చేతుల పని చాలా ఉంది.

నేను 1994 నుంచి పదకొండేళ్ళు ఆ భవనంలోనే ఒక వకీలు దగ్గర గుమాస్తాగా చేశాను. కోర్టులు పక్కనే కాబట్టి మొత్తం వకీళ్ళ ఆఫీసులే. హోటల్ ఎప్పుడో మూతపడింది. 1960ల తర్వాత గదులన్నీ ముక్కలుగా చేసి అద్దెకిచ్చారు. మా ఆఫీసు ఒకప్పటి గదిలో సగం. మిగతా సగం ప్లైవుడ్ అవతల ఇంకొకరిది. వాళ్ళ టైపు మిషన్ చప్పుడు మా బల్ల మీద వినబడేది.

మధ్యలో పెద్ద ఖాళీ ఉంటుంది, నాలుగు వైపులా వరండాలు, పైన ఒకప్పుడు అద్దాల కప్పు. అక్కడే డాన్సులు జరిగేవట. నేను చూసేనాటికి ఆ ఖాళీ నిండా కరెంటు తీగలు, పావురాలు, పాత కూలర్లు, ఎవరో పారేసిన ఫైళ్ళు. వానాకాలంలో మూడో అంతస్తు వరండా రెయిలింగ్ దగ్గర నీళ్ళు నిలిచేవి. నేను రోజూ భోజనం డబ్బా అక్కడే నిలబడి తినేవాణ్ణి. ఒకరోజు రెయిలింగ్ మీద చెయ్యి వేస్తే అరచేతికి పొరలు పొరలుగా తుప్పు అంటుకుంది. అప్పడం విరిగినట్టు విరిగింది. మా వకీలుగారికి చెబితే ఆయన ఓనర్‌కి ఉత్తరం రాశారు. ఓనర్ వైపు నుంచి "అద్దె ఎంత ఇస్తున్నారో చూసుకోండి" అన్నట్టు జవాబొచ్చింది. వాళ్ళ మాటలోనూ కొంత న్యాయం ఉంది. ఎన్నో ఏళ్ళ నాటి పాత అద్దె, దాంతో పెయింటు డబ్బా కూడా రాదు. మేం ఖాళీ చేయం, వాళ్ళు బాగుచేయరు. మధ్యలో ఇనుము తినుకుపోయింది.

2005 జులైలో ముందు వరండాలో ఒక భాగం కూలి ఒక మనిషి పోయాడు. నేను ఆ ఏడాదే ఉద్యోగం మానేశాను. 2019లో అందర్నీ ఖాళీ చేయించారు. నా డబ్బా పెట్టుకునే మూల ఇప్పుడు ఎలా ఉందో.

గోదావరి_గట్టు (మంగళవారం ఉదయం 6:15)

ముంబై_తెలుగు గారూ, మీ అరచేతి తుప్పు చదివి నా మనసు కలతపడింది. నేను రైల్వేలో రిటైరయ్యాను, రాజమండ్రి. మా హేవలాక్ వంతెన 1900లో మొదలై 1997 దాకా రైళ్ళను మోసింది. ఉద్యోగంలో ఉండగా ఏటా గీకడం, రంగు వేయడం నా కళ్ళారా చూశాను. ఇనుము మీద తడి నిలవకూడదు, అదే మొదటి సూత్రం. నీళ్ళు జారిపోతే ఎన్నేళ్ళయినా ఉంటుంది. నిలిచిందా, లోపల్నుంచి తినేస్తుంది. అందులోనూ ముంబై ఉప్పుగాలి.

పల్లె_నుంచి (మంగళవారం మధ్యాహ్నం 1:30)

అందరూ బాధపడుతున్నారు, నేను వేరే మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. అది తెల్లవాళ్ళకు మాత్రమే అని కట్టిన హోటల్. మనవాళ్ళు లోపలికి వెళ్ళాలంటే ట్రే పట్టుకునే వెళ్ళాలి. 1896 జనవరిలో అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ అక్కడ దిగాడు. ఆయన గది దగ్గర తలుపేదో సరిగా లేదని ఒక జర్మన్, ఏం తప్పో చెప్పకుండానే నౌకరు దవడ మీద కొట్టాడు. ఆ నౌకరు ఎదురుచెప్పలేదు, ముఖంలో కోపమూ చూపలేదు. చిన్నప్పుడు అమెరికాలో బానిసలతో ఇలాగే చేసేవారని, యాభై ఏళ్ళుగా ఆ సంగతే మర్చిపోయానని ట్వేన్ తర్వాత రాసుకున్నాడు. అలాంటి చోటుని కోట్లు పెట్టి ఎందుకు నిలబెట్టాలి? ఆ డబ్బుతో కామాఠీపురాలో పాత ఇళ్ళు బాగుచేయొచ్చు కదా.

శిల్ప_విద్యార్థిని (మంగళవారం మధ్యాహ్నం 2:05)

మీ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదండీ. కానీ ఆ దెబ్బ తిన్న మనిషి నిలబడిన చోటు కూడా అదే కదా. భవనం పోతే ఆయన నిలబడిన చోటూ పోతుంది అనిపిస్తోంది.

ముంబై_తెలుగు (మంగళవారం రాత్రి 10:40)

పల్లె_నుంచి గారూ, కామాఠీపురా పేరెత్తారు, సంతోషం. మా ఇళ్ళు బాగుచేయాలి, అది వేరే పోరాటం, నేను అందులో ఉన్నాను. కానీ ఈ భవనాన్ని తెల్లవాళ్ళు ఎనభై తొంభై ఏళ్ళు వాడితే, ఆ తర్వాత అరవై ఏళ్ళు మేమే వాడాం. నా కొడుకు ఫీజు నేను కట్టింది అందులో కూర్చుని సంపాదించిన డబ్బుతో. జీరాక్స్ షాపుల కుర్రాళ్ళు, టీ అబ్బాయి, టైపిస్టులు, అందరం అందులోనే బతికాం. ఇప్పుడది వాట్సన్‌దా, మాదా? మాదే అంటాను.

థేమ్స్_తీరం (బుధవారం ఉదయం 5:10)

ఇక్కడ జరిగిన ఒక కథ చెప్తాను, పోలిక కోసం. సెయింట్ పాంక్రస్ స్టేషన్ ముందు ఎర్ర ఇటుకతో కట్టిన కోటలాంటి మిడ్‌లాండ్ గ్రాండ్ హోటల్ ఉంది. ఆర్కిటెక్ట్ జార్జ్ గిల్బర్ట్ స్కాట్. 1873లో తెరిచారు, 1876లో పూర్తయింది. మూడు వందల గదులు, స్నానాల గదులు మాత్రం చాలా తక్కువ. నిప్పు అంటుకోకుండా అంతస్తుల మధ్య మందంగా కాంక్రీటు పోశారు. తర్వాత అదే శాపమైంది, పైపులు వేయడానికి దారి లేదు. పనివాళ్ళు వేడినీళ్ళు, తొట్లు మోసుకుని మెట్లెక్కేవాళ్ళు. 1935లో మూతపడి రైల్వే ఆఫీసులుగా మారింది. అచ్చం మన వాట్సన్స్‌లాగే, గదులు ముక్కలయ్యాయి.

1960లలో పడగొట్టే ఆలోచన చేశారు. జాన్ బెట్జమన్ అనే కవి, ఇంకా ఎందరో అడ్డుపడ్డారు. 1967లో మొదటి శ్రేణి రక్షిత కట్టడంగా ప్రకటించారు. అయినా ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉంది. 2011లో మళ్ళీ హోటల్‌గా తెరిచారు. నలభై నాలుగేళ్ళు పట్టింది. మొదటిసారి ఆ పెద్ద మెట్లు చూసినప్పుడు నాకు వాట్సన్స్ ఇంకా తెలియదు. ఇప్పుడు అటు వెళ్ళినప్పుడల్లా అదే గుర్తొస్తోంది.

ఇనుప_దూలం (బుధవారం ఉదయం 9:30)

అసలు బాగుచేయడం సాధ్యమా అని చాలామంది నన్ను విడిగా అడిగారు. 2019లో ఐఐటీ బాంబే నివేదిక కూల్చేయాలనే చెప్పింది. కన్సర్వేషన్ ఆర్కిటెక్టులు ఒప్పుకోలేదు, విషయం హైకోర్టు దాకా వెళ్ళింది. దాదాపు పద్నాలుగేళ్ళ ముందే వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 2006 సంవత్సరానికి ప్రకటించిన వంద ప్రమాదకర స్థితి కట్టడాల జాబితాలో ఇది ఉంది. అంటే ఎవరూ హెచ్చరించలేదని అనడానికి లేదు. నేను ఆ నివేదికను తప్పుపట్టను, కింద నడిచే మనిషి ప్రాణం ముందు. నాకు తెలిసిన పని వరకు చెప్తాను.

పోత ఇనుము అంటే కరిగించి అచ్చులో పోసింది, చేత ఇనుము అంటే కాల్చి కొట్టి సాగదీసింది, రెండూ ఒకటి కావు. పోత ఇనుములో కార్బన్ ఎక్కువ. నిలువుగా నొక్కితే ఏనుగంత బలం, లాగితే గాజులా పగులుతుంది, ముందు వంగి హెచ్చరించదు. అందుకే దాన్ని స్తంభాలకు వాడతారు. తుప్పును అది చేత ఇనుము కంటే బాగానే తట్టుకుంటుంది. ప్రమాదమంతా సాధారణంగా కీళ్ళలో, బోల్టుల్లో, గోడలో పూడిపోయిన భాగాల్లో. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, ఉబ్బి పక్కనున్న ఇటుకను నెట్టి పగలగొడుతుంది. ఆ పగులులోంచి ఇంకా నీళ్ళు దిగుతాయి. ముంబై_తెలుగు గారు చూసిన నీళ్ళ నిలవ అక్కడికే దారితీస్తుంది.

వెల్డింగ్ చేసేద్దాం అంటారు కొందరు. పోత ఇనుముకు వెల్డింగ్ వేడి పడదు, పక్కనే కొత్త పగులు వస్తుంది. దానికి బదులు పగులుకు అడ్డంగా రంధ్రాలు వేసి, చల్లగానే లోహపు కుట్లు వేస్తారు, చిరిగిన చీరకు రఫూ చేసినట్టు. పూర్తిగా పోయిన ముక్కకు అచ్చు తీసి కొత్తది పోతపోయొచ్చు. మొదట్లోనే ముక్కలుగా చేసి బోల్టులతో బిగించిన భవనం కాబట్టి ఈ విషయంలో రాతి గోడ కంటే దీనికే వీలెక్కువ. ఒక స్తంభం విప్పాలంటే దాని బరువును తాత్కాలికంగా ఇంకొకదాని మీదికి మార్చాలి, అంతే. ఖర్చు తక్కువ కాదు, టైమూ పడుతుంది. కానీ చేసేవాళ్ళున్నారు, పద్ధతులున్నాయి.

సినిమా_పిచ్చి (బుధవారం రాత్రి 8:55)

ఇంతసేపూ ఎవరూ ఎత్తలేదు, నేనే చెప్పాలి! 1896 జులై 7న లూమియేర్ సోదరుల చిత్రాలు మన దేశంలో మొదటిసారి వేసింది ఈ హోటల్లోనే. పారిస్‌లో వేసిన ఆరు నెలలకే. తెచ్చినవాడు మారియస్ సెస్టియే, ఆస్ట్రేలియా వెళ్తూ దారిలో బొంబాయిలో ఆగాడు. టికెట్ ఒక రూపాయి. రైలు స్టేషన్‌లోకి రావడం, ఫ్యాక్టరీ నుంచి పనివాళ్ళు బయటికి రావడం లాంటివి ఆరు చిన్న చిత్రాలు. మనవాళ్ళకు ఆ హోటల్లో ప్రవేశం లేదు కదా. తర్వాత వారం నావెల్టీ థియేటర్‌కి మారాకే చూడగలిగారు. సినిమా అంటే ప్రాణం పెట్టే మనం ఆ గోడ మీద ఒక చిన్న రాతి పలకైనా పెట్టాలని నా కోరిక.

జంషెడ్‌జీ టాటాను లోపలికి రానివ్వలేదని, ఆ కోపంతోనే 1903లో తాజ్ కట్టాడని అంటారే, అది నిజమేనా?

థేమ్స్_తీరం (గురువారం ఉదయం 4:50)

బాగా ప్రచారంలో ఉన్న కథే, కానీ దానికి గట్టి ఆధారం చూపినవాళ్ళు లేరు, చరిత్రకారులు నమ్మరు. చెల్లెమ్మా, వ్యాసంలో రాస్తే "అని చెప్పుకుంటారు" అని మాత్రమే రాయి.

శిల్ప_విద్యార్థిని (గురువారం సాయంత్రం 6:30)

అలాగే అన్నయ్యా. మా గైడ్ మేడమ్‌కి ఈ చర్చ మొత్తం చూపించాను, టాపిక్ ఓకే చేశారు. డిసెంబర్‌లో మళ్ళీ వెళ్తున్నా, ఈసారి ఒక్కదాన్నే, స్కెచ్‌బుక్‌తో. లోపలికి ఎలాగూ వెళ్ళనివ్వరు. బయటి నుంచి చట్రం బాగా అర్థం కావాలంటే ఎక్కడ నిలబడాలి?

ముంబై_తెలుగు (గురువారం రాత్రి 11:15)

ఉదయం ఏడు గంటలకల్లా వెళ్ళు తల్లీ, కార్లు ఉండవు. భవనం కిందికి మాత్రం వెళ్ళకు, పెచ్చులు రాలతాయి. మహాత్మా గాంధీ రోడ్డు అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడు. ముందు కింది స్తంభాన్ని ఒకదాన్ని పట్టుకుని, దాని మీదే కళ్ళు పెట్టి ఒక్కో అంతస్తూ పైకి ఎక్కు. ఇటుక వైపు చూడకు. మూడో అంతస్తు దాకా వచ్చాక నా రెయిలింగ్ కనబడితే దాన్ని కూడా గీసి ఇక్కడ పెట్టు.